చెప్పకుండా వదిలేసిన నాలుగో సూచన

మహారాష్ట్ర అంచున ఉన్న మా ఊరు అంకిస నుంచి మంచిర్యాల మాకు దగ్గర. అక్కడి డాక్టరైతే తెలుగులోనే మాట్లాడేవాడు. కానీ అమ్మ ఆరోగ్య కార్డు మహారాష్ట్రలోనే చెల్లుతుంది. అందుకే సిరొంచలో బస్సెక్కి, ఆలాపల్లి మీదుగా చంద్రపూర్ కంటి ఆసుపత్రికి వెళ్లాం. అమ్మకు వచ్చిన మరాఠీ అంగడి బేరానికి సరిపోతుంది, డాక్టరుతో మాట్లాడడానికి సరిపోదు. డిప్లొమా దాకా మరాఠీలో చదివినవాణ్ణి కనుక మధ్యలో నేనున్నాను.

షుగర్ వల్ల అమ్మ రెండు కళ్ల లోపలి పొరలూ దెబ్బతిన్నాయి. లేజర్ చేస్తే చూపు పెరగదు, ఉన్నది నిలుస్తుంది. ముందు కుడి కన్ను, నెల తర్వాత ఎడమ కన్ను. డాక్టరు చెప్పిన సూచనలను నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి, గడ్డం స్టాండు మీద పెట్టాలి. రెండు, తల కదలకూడదు. మూడు, చూడమన్న వైపే చూడాలి. నాలుగు, నొప్పి ఓర్చుకోలేకపోతే చెయ్యి ఎత్తాలి. అప్పుడు ఆపుతారు, తీవ్రత తగ్గిస్తారు, కావాలంటే కంటి పక్కన మత్తు సూది ఇస్తారు, లేదా మిగిలింది ఇంకో రోజు చేస్తారు.

అమ్మకు మూడే చెప్పాను. వీలుందని తెలిస్తే మొదటి మెరుపుకే చెయ్యెత్తుతుందనుకున్నాను. చెయ్యెత్తితే తల కూడా కదులుతుందనుకున్నాను. ఇంకో రోజంటే నేను మళ్లీ రెండు రోజులు సెలవు పెట్టాలి. అసలు కారణం ఈ సెలవే.

"నొస్తదా బిడ్డా?"

"నొయ్యదు. చుక్కల మందేస్తరు. నువ్వైతే కదలకు."

తలుపు దగ్గర నిలబడి చూశాను. మొదట బాగానే కూర్చుంది. పచ్చటి మెరుపులు కంటి అంచులకు జరిగే కొద్దీ ఆమె కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఇబ్బందిగా ఉందా అని డాక్టరు మరాఠీలో అడిగాడు. అమ్మకు అర్థం కాలేదు. బాగానే ఉందని నేనే జవాబిచ్చాను.

బయట బెంచీ మీద కొంగుతో కన్ను అదుముకుని అంది:

"నొయ్యదంటివి గదరా."

"బాగా నొచ్చిందా?"

"కన్నెనుక గునపం దింపినట్టే. ఇగ ఏం జేస్త? మనసుల బీడీల తునికాకు కట్టలు కట్టుకుంట కూసున్న. డెబ్బై ఆకులకో కట్టగద, గట్లనే డెబ్బై మెరుపులకో కట్ట. ఆరు కట్టలైనంక లెక్క తప్పింది. గా డాక్టరు ఆకు కొనే కల్లంల గుమాస్త లెక్కనే ఉన్నడు, ఎన్ని కట్టినా సాలదంటడు."

అమ్మ నవ్వింది, నేను కూడా నవ్వాను.

నెల తిరిగింది. అమ్మ రానంది. "సూదిల దారమెక్కియ్య ఒక్క కన్ను సాలు, రెండెందుకు?" అంది. షుగర్ లెక్కలు చూపించాను. చూపు ఎట్లా పోతుందో బొమ్మ గీసి చెప్పాను. భయపెట్టే విషయాలన్నీ వివరంగా చెప్పాను. నాలుగో సూచన మాత్రం నోట్లోంచి రాలేదు. చెబితే, మొదటిసారి ఎందుకు దాచానో కూడా చెప్పాలి.

మూడు నెలల తర్వాత, ఆమె సొరకాయ కోస్తుండగా చెప్పేశాను.

"అమ్మా, నొస్తే చెయ్యెత్తొచ్చు. ఆపుతరు. మత్తు సూది గూడ ఇస్తరు."

కత్తి ఆగింది. "గిది ఎప్పుడు చెప్పిండు?"

"మొదటి రోజే."

 తిడుతుందనుకున్నాను. "అయితే పోదాం తియ్యి. దినం అడుగు" అని మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

రెండు వారాల తర్వాతి రోజు దొరికింది. ఆలోపే ఒక పొద్దున ఎడమ కంట్లో నల్లటి పోగులు తేలాయి, సాయంత్రానికి ఎర్రటి తెర పడింది. లోపల రక్తం కారిందనీ, అందులోంచి లేజర్ పోదనీ చెప్పారు. నాగపూర్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆ కన్ను కిటికీ ఏ వైపుందో మాత్రమే చెబుతుంది.

వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు చూపు ఎట్లా పోయిందని అడుగుతారు.

"లేజర్ చేయించిన కన్ను మంచిగనే ఉన్నది. రెండోదానికే నేను భయపడి పోలే. పిలగాడు ఎంత చెప్పినా ఇనలే" అంటుంది అమ్మ. "నాదే తప్పు."

అప్పుడు నేను అక్కడే ఉంటాను. ఒక్కసారి కూడా కాదనలేదు.