వగైరా ఆరు రూపాయలు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా ఆదోనిలో ఒక మనిషి తెలివిని అతని చదువును బట్టి కాక బేరమాడే తీరును బట్టి అంచనా వేసేవాళ్ళం. వంకాయల నుంచి వరండా రేకుల దాకా ఏది ఎంతకు రావాలో మాకు పుట్టుకతోనే తెలిసినట్టు మాట్లాడేవాళ్ళం. చెప్పిన ధర ఇచ్చి వచ్చినవాణ్ణి ఇంట్లోవాళ్ళు జాలిగా చూసేవారు. అయితే వంకాయను నొక్కి చూడవచ్చు, పంచెను వెలుగులో పెట్టి నేత చూడవచ్చు. సర్వీసు చేయించి తెచ్చిన మోటారు సైకిలును ఎక్కడ నొక్కి చూడాలి? ఆ సంగతి తెలియకపోయినా తెలిసినట్టే ఉండాలనుకునే వయసు నాది. ఇరవై ఆరేళ్ళు, లెక్కల మాస్టరు ఉద్యోగం, పైగా కొత్త బండి. మనిషి చెడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి!

నా ఉద్యోగం ఎమ్మిగనూరు హైస్కూల్లో, ఇల్లు ఆదోనిలో. మా నాన్నకు బజారులో చిన్న టైలరింగు షాపు. రెండేళ్ళు బస్సులో నిలబడి తిరిగాక, పేరు రాయించుకొని నెలల తరబడి ఎదురుచూసి, ఒక టూ స్ట్రోక్ బండి కొన్నాను. అది పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగే రకం. వెనక నీలం పొగ, ముందర నేను. కొన్నప్పుడు ఇచ్చిన కూపన్లతో మూడు సర్వీసులు ఉచితంగా అయ్యాయి. షోరూం వెనక రేకుల షెడ్డులో ఆ పని చేసే పెద్ద మెకానిక్కును అందరూ పానా భాయ్ అనేవారు. నలభై దాటిన మనిషి. ఖాకీ ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ నట్లు విప్పే పానా ఒకటి ఉండేది, కూర్చున్నా తీసేవాడు కాదు. మాటలు తక్కువ. ఆ మూడుసార్లూ అతని పనితనం నాకు అద్భుతంగా అనిపించింది (ఉచితం కదా). నాలుగోసారి డబ్బు కట్టాల్సి వచ్చేసరికి అదే పని అనుమానంగా కనబడటం మొదలుపెట్టింది.

బిల్లులో అయిదు వరుసలున్నాయి. జనరల్ సర్వీసు ముప్పై, సైలెన్సరులో, ఇంజను హెడ్డులో మసి తీసినందుకు పద్నాలుగు, కొత్త ప్లగ్గు పదకొండు, గేరు ఆయిలు తొమ్మిది, చివర్న వగైరా ఆరు. మొత్తం డెబ్బై రూపాయలు. మొదటి నాలుగు వరుసల మీద కన్ను జారిపోయి అయిదోదాని దగ్గర ఆగింది. షోరూం యజమానిని ఊళ్ళో అంతా సేటు అనేవారు. ఆయన ముందు బిల్లు పెట్టి అడిగాను.

“సేటూ, ఈ వగైరా అంటే ఏమి?”

“వగైరా అంటే వగైరానే సార్. అన్నీ రాయాలంటే బిల్లుబుక్కు సాలదు.”

“లెక్కల్లో వగైరా అనేది ఉండదు.”

“యాపారంలో ఉండాది సార్,” అన్నాడు ఆయన, నాకు పాపం తెలియదన్నట్టు నవ్వుతూ.

ఆ నవ్వే నా కొంప ముంచింది. డబ్బు కట్టేసి, బిల్లును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, నేరుగా నాన్న షాపుకు పోయి ఆవేశంగా చదివి వినిపించాను. నాన్న మిషను తొక్కడం ఆపకుండానే విన్నాడు.

“పని సేసినోణ్ణి అడిగినావా?”

“సేటునడిగినా.”

“సేటు సేసినాడా పని?” అన్నాడు. గుడ్డ తిప్పి వేస్తూ మళ్ళీ ఆయనే అన్నాడు. “దారం, కాజాలు, లోపలి గుడ్డ అని నేను యిడిగా రాస్తే, ఇంత సిన్నదానికీ దుడ్డు తీసుకుంటాడంటారు. రాయకుండా కూలిలో కలిపితే కూలి ఎక్కువంటారు. ఎట్ల రాసేది, నువ్వే సెప్పు?”

నాన్నకు లోకం తెలియదనుకున్నాను. (లోకం తెలియని మనిషి ముప్పై ఏళ్ళుగా లోకుల కొలతలు తీసుకుంటున్నాడనేది ఆ సాయంత్రం నాకు తట్టలేదు.)

మర్నాడు స్టాఫ్ రూములో బిల్లు చేతులు మారింది. నిప్పు రాజేసింది మా డ్రాయింగు సారు. ఆయన దగ్గర నాకంటే పాత బండి, నాకంటే ఎక్కువ అభిప్రాయాలు ఉండేవి. “డెబ్బయ్యా! నిన్ను నున్నగా గొరిగినారప్పా. మన బస్టాండు పక్కన నా మనిషి ఒకడుండాడు. ఇరవైకి అంతా సేసి, బండి తుడిచి ఇస్తాడు,” అన్నాడు. అప్పుడే నాకు ఒక మహత్తర ఆలోచన వచ్చింది. న్యాయమైన ధర ఎంతో శాస్త్రీయంగా తేల్చాలని! ఆదివారాలు ఊళ్ళు తిరిగాను. ఎమ్మిగనూరులో డ్రాయింగు సారు మనిషి ఇరవై అన్నాడు. ఆలూరులో ఒకాయన పద్దెనిమిది అని, టీ కూడా తాగించాడు. కోడుమూరులో ఒక ముసలాయన మాత్రం, “బండి సూడకుండా రేటు ఎట్ల సెప్పేది నాయనా? డాక్టరు దగ్గరికి పోయి, మనిషి ఇంటికాడుండాడు, మందుకెంతయితాదని అడుగుతావా?” అన్నాడు. అతని జవాబు అంకె కాదు కాబట్టి లెక్కలోంచి తీసేశాను. మిగిలిన ఇద్దరి సగటు పంతొమ్మిది. దాన్ని గ్రాఫు కాగితం మీద కూడా గీశాను. రెండు చుక్కలు పెట్టి గీసిన గీత ఎప్పుడూ తిన్నగానే వస్తుందని, పిల్లలకు చెప్పే నాకే తెలియాలి.

ఆ గ్రాఫును జతచేసి, నిఘంటువు పక్కన పెట్టుకొని, బండి కంపెనీ హెడ్డాఫీసుకు మూడు పేజీల ఇంగ్లీషు ఉత్తరం రాశాను. ప్లగ్గు గురించి, ఆయిలు గురించి ఒక్క ముక్క లేదు. మూడు పేజీలూ వగైరా మీదే. ‘వగైరా’ను ఇంగ్లీషులో ఎలా రాయాలో తేల్చుకోవడానికే ఒక పూట పట్టింది. రిజిస్టరు పోస్టులో పంపి, దేశానికి ఏదో మేలు చేసినవాడిలా ఇంటికి వచ్చాను.

నెలన్నర గడిచింది. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. బండి మళ్ళీ సర్వీసుకు వచ్చింది. ఈసారి డ్రాయింగు సారు మనిషికి ఇచ్చాను. ముప్పావు గంటలో పని అయిపోయింది. బండి పెళ్ళికొడుకులా మెరుస్తోంది. ఇరవై రూపాయలు ఇచ్చి, యాభై మిగిలిందని లోలోపల పండగ చేసుకున్నాను. పదిరోజులు తిరగకుండానే బండికి ఆయాసం మొదలైంది. యాక్సిలరేటరు పిడి ఎంత తిప్పినా లోపల ఏదో బుస్సుమనేదే తప్ప ముందుకు ఉరికేది కాదు. ఒకనాడు మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఆదోని వస్తుంటే, చిన్న మిట్ట మీద, వేరుశనగ బస్తాల ఎద్దులబండి ఒకటి నన్ను దాటిపోయింది. బండి తోలే ఆయన వెనక్కి తిరిగి చాలా మర్యాదగా, “సారూ, తాడుండాది, కట్టుకుంటావా?” అని అడిగాడు. వద్దన్నాను. కిలోమీటరు పోయాక, తాడు తీసుకొని ఉంటే బాగుండేదనిపించింది.

మొహం చెల్లకపోయినా మర్నాడు షోరూం షెడ్డుకే తోసుకుపోయాను. సేటు లేడు. పానా భాయ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటంలో ఏదో తేడా కనిపించింది.

“సార్, కంపెనీకి మీరు రాసిన కాయితం వచ్చింది. సోమవారం కర్నూలు నుంచి ఆఫీసరొస్తాడంట. వగైరా రాయించింది నేనే అని ఒప్పుకోమంటాడు సేటు. ఒప్పుకుంటే తప్పు నా మీద, పని పోతాది. ఒప్పుకోకపోయినా పోతాది.” కోపం లేదు ఆ గొంతులో. అది ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. “వగైరా అంటే ఏందో మీరు నన్నడిగింటే సెప్పేవాణ్ణి గదా సార్,” అన్నాడు.

ఆ మూడు పేజీల్లో నేను పోరాడింది కంపెనీతో, సేటుతో. ఈ మనిషి అందులో ఎక్కడా లేడు. “ఆ డెబ్బైలో నీకెంత వస్తుంది భాయ్?” అని అడిగాను. ఇన్నాళ్ళ నా పరిశోధనలో అడగాలని తోచని ప్రశ్న అదొక్కటే.

“నాకు నెల జీతం సార్. మీ బిల్లు డెబ్బయినా ఏడునూర్లయినా నాకు అంతే.”

“ఈ రోజు నా బండి నువ్వు సర్వీసు చెయ్యి. నేను పక్కన కూర్చొని చూస్తాను,” అన్నాను. వాచీ విప్పి ముందు పెట్టుకున్నాను. (సిగ్గు వచ్చినా అలవాటు పోదు.) సైలెన్సరు విప్పి లోపలి గొట్టం బయటికి లాగితే, అది గొట్టంలా లేదు, మాడిన అప్పడాల కట్టలా ఉంది. “మసి ఇది. పొగ బయటికి పోకుంటే బండి యాడ లాగుతాది? ఎమ్మిగనూరాయన దీని జోలికే పోలేదు, పైన తుడిచినాడంతే,” అని, గొట్టాన్ని కాల్చి, నా చేతికి ఒక గరుకు కాగితం ఇచ్చి గీకమన్నాడు. గంటసేపు గీకితే గొట్టం సగం తెల్లబడింది, నేను పూర్తిగా నల్లబడ్డాను. ఆ గంటలో గరుకు కాగితాలు మూడు అరిగాయి. కడగడానికి కిరసనాయిలు, తుడవడానికి నూలు పీచు, చైనుకు గ్రీజు, హెడ్డు కింద ఒక పల్చటి రేకు, నడిపి చూడటానికి కాస్త పెట్రోలు. “ఇదీ సార్ వగైరా,” అన్నాడు పానా భాయ్. లెక్క వేసుకున్నాను. ఆరు రూపాయలు దాటింది.

నేను తల వంచుకొని గీకుతుంటే అతను ప్లగ్గు విప్పి, నా అరచేతిలో పెట్టాడు. షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, “దీని నెత్తిన ఎర్ర సుక్క సూడండి. కార్ఖానాలో బండి తయారైనపుడు పెట్టే గుర్తు. మేము షాపులో అమ్మేవాటికి ఉండదు,” అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నాలుగో సర్వీసులో కొత్త ప్లగ్గు వేసినట్టు పదకొండు రూపాయలు తీసుకున్నారు. వేయలేదు. నేను మూడు పేజీలు రాసి కొట్లాడిన వరుస నిజాయితీగా ఉంది. స్పష్టంగా కనిపిస్తోందని నేను మారుమాట లేకుండా దాటేసిన వరుస అబద్ధం.

“పాతది బాగనే ఉందని తుడిచి పెట్టినా సార్. బిల్లులో ఏం రాస్తారో నేను సూడను. నేను సెప్పినానని మాత్రం అనొద్దండి,” అన్నాడు.

సోమవారం సెలవు పెట్టి, ఆ పాత ప్లగ్గుతోనే బండి నడుపుకుంటూ షోరూముకు వెళ్ళాను. కర్నూలు ఆఫీసరు సన్నగా, టై కట్టుకొని, నా గ్రాఫు కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని ఉన్నాడు. సేటు అప్పటికే మొదలుపెట్టాడు. “ఆ వగైరా సంగతి నాకు తెలీదు సార్, అంతా ఈ భాయే రాయించినాడు. నెలాకరుకు పంపించేస్తా.” పానా భాయ్ నేల చూస్తున్నాడు. నేను ఉపన్యాసం ఒకటి తయారు చేసుకొని పోయాను గానీ, నోరు తెరిస్తే వచ్చింది మూడే ముక్కలు. “సార్, వగైరా న్యాయమే. నా లెక్క తప్పు. ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను.”

సేటు మొహం వికసించింది. “సూసినారా సార్! సదువుకున్నోళ్ళు!” అన్నాడు.

“కానీ బిల్లులో మూడో వరుస ఒకసారి చూడండి,” అంటూ, నాలుగు రోజుల కిందట నేర్చుకున్న విద్యను ప్రదర్శించబోయాను. బండి అప్పుడే నడిపి తెచ్చిందని మరిచిపోయి ప్లగ్గు మీద చెయ్యి వేశాను. నేను పెట్టిన కేకకు పక్కనున్న పిండిచక్కీ వాళ్ళు కూడా వచ్చారు. చివరికి ఆఫీసరే రుమాలు చుట్టుకొని ప్లగ్గు విప్పాడు. ఎర్ర చుక్క చూశాడు, బిల్లు చూశాడు, సేటును చూశాడు. పని మనుషుల్ని అడగాల్సిన అవసరమే రాలేదు. “రాసేవాడు పొరపాటున రాసింటాడు సార్,” అన్నాడు సేటు, నుదురు తుడుచుకుంటూ. “అయితే మెకానిక్కు తప్పు లేదన్నమాట,” అని ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు. నా పదకొండు రూపాయలు నాకు వచ్చాయి. విప్పిన పాత సామాను ప్రతిదీ బండి యజమాని చేతికి ఇవ్వాలని సేటుకు గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆఫీసరు జీపు కదిలాక పానా భాయ్ నా దగ్గరికి వచ్చాడు. ఏదో గొప్ప మాట అంటాడని ఎదురుచూశాను. “బొబ్బకు గ్రీజు పూయొద్దండి సార్, చల్లనీళ్ళు పోయండి,” అని చెప్పి షెడ్డులోకి పోయాడు.

కొన్నేళ్ళకు అతనే ఆలూరు రోడ్డులో సొంతంగా ఒక షెడ్డు వేసుకున్నాడు. మొదటి వారంలోనే నా బండి అక్కడికి తీసుకుపోయాను. అప్పటికి నాకు పెళ్ళయింది, కాస్త పొట్ట వచ్చింది, ఊరి బేరాల మీద ఆసక్తి తగ్గిందని అనుకుంటున్న రోజులు. పని అయ్యాక పర్సు తీసి, ఎంతని అడిగాను. పానా భాయ్ చేతులు తుడుచుకుంటూ, “మీరే సెప్పండి సార్, లెక్కల సారు మీరు,” అన్నాడు. ఎగతాళి అనుకొని మొహంలోకి చూశాను, కాదు. నిజంగానే అడుగుతున్నాడు. కొత్త షెడ్డు, ఏ పనికి ఎంత తీసుకోవాలో ఇంకా ఖాయం చేసుకోలేదు. ఆ ఎండలో నిలబడి అతని మూడు గంటలు, సామాను, షెడ్డు బాడుగ, చేతిలోని ముప్పై ఏళ్ళ పని అన్నీ మనసులో కూడాను. అంత కష్టమైన లెక్క నా ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. చివరికి భయం భయంగా, “నలభై అయిదు,” అన్నాను.

అతను డబ్బు తీసుకొని, కాసేపు ఆలోచించి, మూడు రూపాయలు నా చేతిలో తిరిగి పెట్టాడు. “మూడు ఎక్కువ సెప్పినారు సార్,” అన్నాడు.

బండి స్టార్టు చేసి రోడ్డు ఎక్కాను. అరమైలు పోయాక మూడు అని అతను ఎలా తేల్చాడో అడగలేదని తట్టింది. బ్రేకు మీద కాలు పెట్టి, బండి సగం వెనక్కి తిప్పాను కూడా. అలా రోడ్డుకు అడ్డంగా నిలబడి, పోదామా వద్దా అని కొట్టుకులాడిన ఆ పొట్ట మాస్టరు ఇప్పుడు గుర్తుకొస్తే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తాడు. లారీ ఒకటి హారను కొట్టేదాకా ఆ మాస్టరు అక్కడే ఉన్నాడు. అడగకుండా ఇంటికి పోవడానికి ఎంత కష్టపడ్డాడో నాకొక్కడికే తెలుసు.