మజ్జిగ ఒలికిన కారు

బాపు పాత కారు సంగతి ఎప్పుడు అడిగినా మా చిన్నాయన నవ్వి మాట మారుస్తాడు. ఈ వానలకు తడిసిన నా కారులో మ్యాటు ఎత్తగానే తుప్పు వాసన కొట్టి, మళ్లీ కడుపు మండింది.

తెలంగాణ ఉద్యమంలో తొర్రూరు రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసన. బాపు కారులో చిన్నాయన ఉప్పు మజ్జిగ బిందెలు తెచ్చాడు. కారులో ఒలికిన మజ్జిగ మీద నా కళ్లముందే మ్యాటు కప్పి జనంలోకి ఉరికాడు.

కొన్నాళ్లకు కారు అడుగు తుప్పుపట్టి చిల్లిపడింది.

"గిదెట్లయిందిరా?" అన్నాడు బాపు.

"నీ కొడుకు తడి కాళ్లతోని ఎక్కుతడు గదనే అన్నా!" అన్నాడు చిన్నాయన.

బాపు నన్ను మళ్లీ కారెక్కనివ్వలేదు. నా కాళ్లే ఇనుమును తింటాయనుకుని బస్సు మెట్టు కూడా ఎగిరి దాటేవాణ్ణి. ఉప్పుతో ఇనుము తుప్పుపడుతుందని బడిలో తెలిసేసరికి బాపు కారు అమ్మేశాడు.

చిన్నాయనా, ఆ మజ్జిగ గుర్తుండే నా పేరు చెప్పావా? ఈసారి నవ్వకుండా జవాబు చెప్పు.