తడి గోనె కట్టిన కంప్యూటరు

ఉగాది వెళ్లిన మూడో శుక్రవారం, పొద్దున పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఆ గడియకు నేను ఒక ఆడపిల్ల ఆరు నెలల కష్టాన్ని ఒక్క పేజీ చూపించి కూలదోశాను. ఆ రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ణి. వయసు యాభై ఆరు. నవ్వేవాళ్లు నవ్వండి, అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేసుకుంటే నాకు అప్పటికి ఎనిమిది నెలలే. కొత్తగా రాయడం వచ్చిన పిల్లలు గోడలన్నీ పాడుచేస్తారు కదా, నేనూ అంతే. బస్సు టికెట్ల వెనకా, క్యాలెండరు మీదా, మా ఇంటిది పిండి కలిపే పళ్లెం అడుగునా నా పేరే. ("ఎవరన్నా ఎత్తుకపోతారని భయమా?" అని అడిగేది ఆమె. భయం కాదు, చూసుకుంటే ముచ్చట.)

వానలు వరుసగా మొహం చాటేసి, వేరుశనగ విత్తనాలు కూడా చేతికి రాని ఏడు, నేను సేద్యం వదిలేసి అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ల గదికి కాపలా కుదిరాను. చదువు రానివాణ్ణి చదువుల గదికి కాపలా పెట్టడంలో తెలివి ఏమిటంటే, నేను ఏదీ ముట్టుకోనని వాళ్ల నమ్మకం. ఆ గదిలో పొద్దస్తమానం కూర్చునేది ఎం.టెక్. చదివే ఒక పిల్ల. విడపనకల్లు వైపు గొర్రెలు కాసుకునేవాళ్ల బిడ్డ. గాలికి ఎగిరిపోయేలా ఉండేది కాబట్టి నేను సన్నపాప అనేవాణ్ణి. మధ్యాహ్నం సద్ది తిన్నాక తెల్ల బోర్డు మీద నాకు ఓనమాలు దిద్దించింది ఆ పిల్లే. 'ఋ' దగ్గర నేను చేతులెత్తేస్తే, "దాన్ని వదిలేయ్ తాతా, దాంతో నీకు ఏం పని పడతాది?" అని దాటించింది. అంత మంచి పంతులు మళ్లీ దొరకదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆరు నెలల నుంచి కెర్నెల్, కెర్నెల్ అంటాండావు. అది యాడుంటాది పాపా?"

"మిషన్ లోపల మేస్త్రీ తాతా అది. ఉపాధి పనిలో మీకు మేస్త్రీ ఉంటాడు చూడు, నువ్వు ఈడ తవ్వు, నువ్వు ఆడ మోయి, నీ వంతు అయిపాయ, పక్కకు జరుగు అని. అట్లా లోపలి పనులకంతా వంతులు పంచేది కెర్నెల్. ఆ పంచే తీరు నేను మార్చినా. పాతది మేలా, నాది మేలా అని ఇప్పుడు పోటీ పెడతాండా."

"ఒక పని చూసి మేస్త్రీ మంచోడని ఎట్లా చెప్తావు?"

"అందుకే మూడు రకాల పనులు పెడతా. ఒకటి ఉత్త లెక్కలు. రెండోది చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ రాసి చెరపడం. మూడోది అసలు పని, ఒకేసారి జనమంతా వచ్చి మీద పడినట్ల. దాంట్లో నాది గెలిస్తే నేను గెలిచినట్టే. వచ్చే వారం బెంగుళూరు నుంచి కంపెనీ వాళ్లు చూడను వస్తాండారు. నచ్చితే దీన్ని వాళ్ల మిషన్లలో పెట్టుకొని, నాకు ఉద్యోగం ఇస్తారంట."

నాకు చక్కగా అర్థమైంది. మా వైపు ఎద్దును కొనేముందు చేసేదీ ఇదే. ముందు వట్టి బండి, తర్వాత దున్నే మడక, ఆఖరికి ఇసుక నింపిన బండి కట్టి మిట్ట ఎక్కిస్తారు. ఈ మాట చెబితే సన్నపాప గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, "రేపటి నుంచి మా సారు జీతం నీకియ్యమని చెప్తా" అంది.

పోటీ మంగళవారం పెట్టుకుంది. ఒకే మాదిరివి రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పాత కెర్నెల్, ఒకదాంట్లో తనది ఎక్కించి, నా చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టింది. "నేను ఈడుంటే నా చెయ్యి ఊరుకోదు. హాస్టల్లో కూర్చుంటా. గదిలో ఏం జరిగినా టైము వేసి రాయి తాతా. ఈగ వాలినా రాయి." అంతవరకు నా రాతతో ఎవరికీ పనిపడలేదు. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ పట్టుకోవలసి వచ్చింది. ఆ పుస్తకంలో నా మొదటి వాక్యం: 'ఒంటి గంటా ఇరవై. ఈగ వాలింది.' రెండోది: 'ఈగ పోయింది.'

మూడు గంటలు దాటేసరికి పడమటి గోడ పెనంలా కాలింది. ఆ గదిలో ఏసీ పేరుకే. గోడ పక్కన ఉన్నది సన్నపాప కెర్నెల్ ఎక్కించిన మిషన్. దాని లోపలి ఫ్యాను మూలుగు మొదలుపెట్టింది. పక్కన చెయ్యి పెట్టి చూస్తే జ్వరమొచ్చిన దూడ ఒళ్లులా ఉంది. (పక్కనున్న పాత కెర్నెల్ మిషన్ కూడా మూలుగుతూనే ఉంది, కానీ అది మన పిల్ల కాదు కదా.) నేను ఓర్చుకోలేకపోయాను. ఒక గోనెసంచి తడిపి కుర్చీకి కట్టి, మిషన్ ముందర పెట్టి, వెనక నుంచి బల్ల ఫ్యాను తిప్పాను. చల్లగాలి తగలగానే మూలుగు తగ్గింది. పొంగిపోయి రాశాను: 'మూడుంపావు. పాప మిషన్‌కు జ్వరం. తడి గోనె కట్టినా. తగ్గింది.' ఐదు గంటలకు గోనె ఆరిపోతే మడిచి పెట్టి, అదీ రాశాను.

ఆ సాయంత్రం సన్నపాప తెరమీద అంకెలు చూసి కుర్చీతో సహా గిర్రున తిరిగింది. మూడో పనిలో తనది గెలిచింది. వాళ్ల నాయనకు ఫోను చేసి, గొర్రెల అరుపుల మీదుగా వినపడేలా, "నాయనా, గెలిచినా!" అని కేకేసింది. నాకు మైసూరుపాకు పెట్టింది. తిన్నాను కూడా.

గురువారం నేను గ్లాసులు కడిగి పెడుతుంటే ఆ పిల్ల వాళ్ల సారుకు చెబుతోంది. "రెండు మిషన్లూ ఒకటే సార్. గది ఒకటే, గాలి ఒకటే. తేడా ఉండేది కెర్నెల్ ఒక్కటే. ఎక్కువ కాగితే మిషన్ తనంతట తానే నెమ్మదిస్తాది కాబట్టి, గాలి కూడా సమానంగా ఉండాల." కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను. మా నాయన ఒకప్పుడు సంతలో ఒక ఎద్దును కొన్నాడు. దళారి దాన్ని ముందురోజంతా నీడన కట్టి, బెల్లం నీళ్లు తాపి, వీపున తడి గుడ్డ వేసి తెచ్చాడని మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఎద్దు ఇసుక బండిని ఉరుకుతూ లాగింది. మొదటి దుక్కిలో సాలు మధ్యలో మోకాళ్లు వంచి కూలబడింది, మళ్లీ లేవలేదు. బతికినన్నాళ్లూ మా నాయన ఆ దళారిని తిడుతూనే పోయాడు, నేనూ వంత పాడాను. ఇప్పుడు ఆ దళారి పని చేసింది నేను.

జనరేటరు చూసుకునే మామకు పుస్తకం చూపించాను. ఆయన తలపట్టుకున్నాడు. "ఏమప్పా, నీకు రాయను వచ్చిందని ఊరంతా చెప్పల్నా? ఈగను రాసినోనివి, గోనెను రాయకుండా ఉండలేకపోతివా? ఆ పేజీ చింపేయ్. నీ రాత ఎవురికీ అర్థం కాదులే, ఆ పిల్ల బతుకు బాగుపడతాది."

చింపుదామనే పేజీ మూల పట్టుకున్నాను. మామ మాటలో తప్పేమీ లేదు. కానీ రేపు బెంగుళూరులో నిజంగానే జనం మీద పడితే, ఆ కెర్నెల్ సాలు మధ్యలో కూలబడితే, ఆ పక్కన నిలబడి మాటలు పడేది ఈ పిల్లే.

శుక్రవారం సన్నపాప నాయన మజ్జిగ కడవతో కూతుర్ని చూడను వచ్చాడు. సారు కూడా గదిలోనే ఉన్నాడు. నేను పోయి పుస్తకం ఇచ్చాను. ఈగ దగ్గర సన్నపాప నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"యా మిషన్‌కు కట్టినావు తాతా?"

"నీదానికే."

"ఐదు దాకా ఉండాదా?"

"ఉండాది. కాలిపోతా ఉంటే చూడలేకపోతి పాపా."

సారు బల్ల మీద చెయ్యి చరిచాడు. "ఏం పెద్దాయనా, చేతులు ఊరికే పెట్టుకోలేకపోయినావా? ఆరు నెలల పని!"

"తప్పు నాదే సార్. గోడ పక్కన పెట్టింది నేను," అంది సన్నపాప. ఆ పేజీని చాలాసేపు చూసి, వేలితో ఒత్తి, "అక్షరాలు గుండ్రంగా వచ్చినాయి తాతా" అంది. నా కంట్లో నీళ్లు ఆగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మిషన్లు అటూ ఇటూ మార్చి, రెండింటికీ సమానంగా గాలి పెట్టి, మూడు రోజులు మళ్లీ పోటీ పెట్టింది. కాపలాకు నన్నే ఉంచింది, చేతులు జేబుల్లో పెట్టుకొమ్మని చెప్పి. లెక్కల్లో రెండూ సమానం. చిన్న ఫైళ్లలో తనది కాస్త మేలు. జనం మీద పడే పనిలో పాతదే గెలిచింది. కంపెనీ వాళ్లకు అదే చెప్పింది. వాళ్లు నిజాయితీని మెచ్చుకున్నారు, టీ తాగారు, వెళ్లారు. మళ్లీ ఫోను రాలేదు. ఇప్పుడు ఆ పిల్ల పుట్టపర్తిలో ఒక లాడ్జిలో గదుల బుకింగు కంప్యూటరు ముందు కూర్చుంటోంది. చింపి ఉంటే బాగుండేదా అని నేను అనుకోని నెల లేదు. ఒకసారి ఫోనులో అడిగేశాను కూడా. "చింపింటే నీతో మాట్లాడేదాన్ని కాదు పో" అని నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదని నాకు తెలుసు. మూడు రోజులు జేబుల్లో చేతులు పెట్టుకొని, ముక్కు దురదపెట్టినా గోక్కోకుండా, బుద్ధి వచ్చినవాడిలా కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే మాత్రం నాకు నిజంగానే నవ్వొస్తుంది. అంత జాగ్రత్త మంగళవారమే ఉండుంటే ఏం పోయేది?

ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు: సన్నపాప, కోపం దిగాక తన రుమాలు నాకిచ్చిన సారు, తలుపు చాటున నిలబడి లోపలికి రాలేకపోయిన జనరేటరు మామ, నేను, ఆఖరుగా, ఏం జరిగిందో ఒక్క ముక్కా తెలియక, ఏడుస్తున్న ముసలాయనను చూసి, కూతురి కంటే ముందు నాకే మజ్జిగ పోసిన సన్నపాప నాయన.