నడిబజారులో నా గుడారం

మా తాతగారి మిద్దె ముసురుకు నాని కూలిన నాటి నుంచి, పరీక్షించని కప్పు కింద పడుకోనని నా పట్టుదల. నిరుడు వానాకాలంలో నేనూ నా స్నేహితురాళ్లూ యర్రగొండపాలెం దగ్గర చేలో గుడారాలు వేసుకుని కొన్ని రోజులు గడపాలనుకున్నాం. వాళ్లు తేలికవి కొన్నారు. నేను మార్కాపురంలో టార్పాలిన్లు అమ్మే మస్తాన్ భాయ్‌ని గట్టిది అడిగాను.

"ఇది మంచుకొండల మీద కూడా నిలబడతాదమ్మా."

"మన గాలివానకు నిలబడతాదా? దుకాణం ముందర వేయించు భాయ్. నేను లోపల కూర్చుంటా, పైన బిందెలతో నీళ్లు పోయించు."

"తడిసినాక ఎవరు కొంటారమ్మా?"

"కురవకుంటే నేనే కొంటా."

మూలల్లో పలకరాళ్లు పెట్టి నిలబెట్టారు. నేను లోపల కూర్చోగానే పైన నీళ్లు పోయడం మొదలుపెట్టారు. జనం మూగారు. "పెద్ద మిద్దెవాళ్ల మనవరాలు నడిబజార్లో కాపురం పెట్టిందేందిరా" అని ఎవరో నవ్వారు. సిగ్గుతో చెవులు మండినా కదల్లేదు. ఇంతలో అతుకులోంచి ఒక చుక్క నా నుదుటి మీద పడింది.

బయటికి వచ్చి చీర సర్దుకున్నాను. "ఇది కురుస్తాంది భాయ్, ఇంకోటి తియ్యి."

నవ్వులు పెరిగాయి. మళ్లీ లోపల కూర్చున్నాను. రెండోది కురవలేదు.

చేలో గాలివాన వచ్చిన సాయంత్రం తేలిక గుడారాలన్నీ ఒరిగిపోయాయి. అందరూ నా దాంట్లోకే వచ్చారు. వానకు వచ్చినవాళ్లకు మా మిద్దెలో చాప పరిచేవాళ్లు. నేనూ పరిచాను.

బజారు మళ్లీ నవ్వినా సరే, మళ్లీ కూర్చుంటాను.