యాసిడ్‌లో వేసిన ఎముక

ఆసుపత్రిలో ఆమెను అందరూ స్లైడ్లక్క అంటారు. ముప్ఫై ఏళ్ల కిందట ల్యాబులో సీసాలు కడగడానికి చేరింది. పక్కవాళ్ల చేతులు చూస్తూ చూస్తూ, మైనపు దిమ్మెలో బిగించిన కండముక్కను ఉల్లిపొర కంటే పలచగా కోయడం నేర్చుకుంది. ఏ రంగు దేనికి అంటుతుందో వేళ్లు నీలం చేసుకుని తెలుసుకుంది. ఎవరైనా పొగిడితే "నన్నేం చూస్తారు, స్లైడు చూడండి" అంటుంది.

ఆ రోజు పొద్దున రిపోర్టుల కిటికీ దగ్గర ఒక బస్సు డ్రైవరూ, అతని భార్యా నిలబడ్డారు. ఆరు నెలల్లో అతను మూడుసార్లు ఉన్నపళంగా కూలబడ్డాడు. ఒకసారి చీమ కుట్టి, ఒకసారి నొప్పి మాత్ర వేసుకుని, ఇంకోసారి ఏ కారణమూ లేకుండానే. ఒళ్లు ఎర్రబారడం, గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం. వార్డు డాక్టర్లు తుంటి ఎముకలోంచి అగ్గిపుల్లంత ముక్క తీసి ల్యాబుకు పంపారు. తేడా ఏమీ లేదని రిపోర్టు వచ్చింది.

"విన్నావా, ఏమీ లేదట," అంది భార్య. "చీమకు పడిపోయే మగాణ్ణి నిన్ను తప్ప ఎవర్నీ చూళ్లేదు. భయానికి మాత్రలు రాసి సాయంత్రం ఇంటికి పంపేస్తారట."

"నాకు భయమేంటే? రోజూ నలభైమందిని కొండ దారిలో దింపేవాణ్ణి. నీకు తప్ప ఇంకెవరికీ భయపడను."

"ఆ వేళాకోళానికేం తక్కువ లేదు." ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. "మళ్లీ పడితే లేస్తావో లేదో."

డ్రైవరు ముంజేయి గోక్కుంటున్నాడు. చేతి మీద చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు. గోకిన మచ్చ చూస్తుండగానే ఎర్రగా ఉబ్బింది. పక్కన చర్మం మామూలుగానే ఉంది. కిటికీ లోపల స్లైడ్లక్క చేతిలో కాగితాలు ఆగిపోయాయి.

అలాంటి చర్మం ముక్కలు ఆమె చేతిమీదుగా నాలుగైదు పోయాయి. వాటి నిండా మాస్ట్ కణాలే. ఇవి అందరికీ ఉంటాయి. చర్మం కింద, పేగుల్లో, రక్తనాళాల వెంట కాపలా కాస్తుంటాయి. వాటి పొట్టలో మందుగుండులాంటి గింజలు. విషమో, పురుగో లోపలికి వస్తే ఆ గింజలు చిమ్మి మిగతా కణాలను పిలుస్తాయి. అది మంచిదే. కానీ కాపలావాళ్లే లెక్కకు మించి పెరిగితే, చీమకూ మాత్రకూ అన్నీ ఒక్కసారే పేలతాయి. రక్తనాళాలు వదులై మనిషి కుప్పకూలతాడు. సరైన ఇంజెక్షన్ దగ్గర లేకపోతే ప్రాణమే పోవచ్చు.

ఆమె లోపలికెళ్లి రిజిస్టరు తీసింది. ఆ ఎముక పక్కన తన రాతే ఉంది: యాసిడ్, రెండు గంటలు.

ఎముకను కోయాలంటే ముందు అందులో సున్నం కరిగించాలి. మెల్లగా పనిచేసే ద్రావకంలో రెండు రోజులు పడుతుంది. యాసిడ్‌లో అయితే పూట పట్టదు, కానీ మాస్ట్ కణాల గింజలు రంగు పట్టవు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ వారం పని మీద పడి, వార్డువాళ్లు తొందర పెడితే, తెలిసే వేసింది.

నేరుగా ల్యాబు డాక్టరమ్మ గదికి వెళ్లింది.

"డాక్టరుగారూ, డ్రైవరు ఎముక నేను పాడు చేశాను. ఇంటికి పంపొద్దని చెప్పండి."

చిన్న వయసు డాక్టరమ్మ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది. "అక్కా, నేను సంతకం పెట్టేశాను కదా! మళ్లీ ఎముక తీయమంటే వార్డువాళ్లు నా మీద పడతారు."

"తీయక్కర్లేదు. ఏ ముక్క వచ్చినా సగం దాచడం నాకలవాటు. సీసాలో ఉంది."

"ముందే చెప్పొచ్చుగా ఆ మాట! ఎన్నాళ్లు?"

"రెండు రోజులు. పూట కూడా తగ్గదు."

డాక్టరమ్మ ఫోనందుకుంది. స్లైడ్లక్క కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇంకో రెండు రోజులుండాలి బాబూ. పరీక్ష మళ్లీ చేస్తున్నాం."

"ఎందుకమ్మా? ఎవరిదైనా తప్పా?" అంది భార్య.

"నాదే."

ఆమె భర్తను బెంచీ మీద కూర్చోబెట్టింది. "సరిగ్గా చెయ్యండి," అంది. అంతే.

ఆ రెండు రోజులూ వార్డు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. దాచిన సగం ముక్కను మెల్లగా పనిచేసే ద్రావకంలో వేసిన సీసాను స్లైడ్లక్క కదపలేదు. మూడో రోజు సూది గుచ్చితే ఎముకలోకి మెత్తగా దిగింది. మైనంలో బిగించి, కోసి, నీలం రంగులో ముంచింది. సూక్ష్మదర్శిని కింద కణాలన్నీ నీలంగా ఉన్నాయి. మధ్యలో గుంపులు గుంపులుగా, ఆ నీలాన్నే ఊదాగా మార్చే మాస్ట్ కణాల గింజలు. ఒకటీ అరా కాదు.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "మాస్ట్ కణాల జబ్బే. వార్డుకు నేనే చెబుతాను. అక్కా, కొత్త రిపోర్టు రాసి పాతది తీసేద్దామా? ఎందుకొచ్చిన గొడవ?"

"తీయొద్దు. యాసిడ్ వల్ల మొదటి స్లైడు పనికిరాలేదని రాయండి. నా పేరు పెట్టండి."

సాయంత్రం డ్రైవరు జేబులో ఇంజెక్షన్ పెట్టుకుని భార్యతో కిటికీ దగ్గరికి వచ్చాడు. అది ఎలా గుచ్చాలో వార్డులో అతని భార్యకు మూడుసార్లు చూపించారట. మాత్రలు కుదిరేదాకా బస్సు నడపొద్దన్నారు.

"ఇక నన్ను పొడవడానికి మా ఆవిడకి డాక్టర్లే పర్మిషన్ ఇచ్చారక్కా," అన్నాడు.

"తిన్నగా ఉంటే పొడవను," అంది భార్య. స్లైడ్లక్క వైపు చూసి తలూపింది.

వాళ్లు వెళ్లాక ఆమె రిజిస్టరు ముందేసుకుంది. ఆ వారం యాసిడ్‌లో వేసిన ఎముకలు ఇంకా మూడున్నాయి. నంబర్లు కాగితం మీద రాసుకుని, సగం ముక్కల సీసాలు వెతకడానికి అలమార తెరిచింది.