చేనికి చేరని గుడ్డ సంచులు

కరోనా తగ్గాక వచ్చిన మొదటి పత్తి సీజనులో నన్ను నంద్యాలలోని ఒక జిన్నింగ్ మిల్లుకు నాణ్యత మేనేజరుగా వేశారు. పత్తిలోంచి గింజ వేరు చేసి, దూదిని బేళ్ళుగా నొక్కి నూలు మిల్లులకు పంపడం అక్కడి పని. నా పైన జనరల్ మేనేజరు, కింద యార్డు సూపర్‌వైజరు మద్దిలేటి. రిటైరయ్యే ముందు కొంచెం హాయిగా ఉంటుందనుకుని వెళ్ళాను. హాయి నా ముఖాన రాసిపెట్టి లేదు.

మా పెద్ద కొనుగోలుదారు ఆ ఏడు కొత్త షరతు పెట్టాడు. చేను దగ్గర్నుంచి బేలు దాకా పత్తికి ఎక్కడా ప్లాస్టిక్ తగలకూడదు. పర్యావరణం సంగతి అటుంచి, ఇందులో మా అవసరమూ ఉంది. రైతులు పత్తిని పాత ప్లాస్టిక్ యూరియా సంచుల్లో కుక్కి తెస్తారు. ఆ సంచుల పోగులు దూదిలో కలిస్తే తెలుపులో తెలుపు, కంటికి ఆనవు. బట్టకు రంగు వేసినప్పుడు మాత్రం రంగు పట్టక తెల్ల గీతలా బయటపడతాయి. అలా మా బేళ్ళు అప్పటికే ఒకసారి వెనక్కి వచ్చాయి. ఇంకోసారి వస్తే మా దగ్గర కొనడం మానేస్తానన్నాడు. అదే జరిగితే మిల్లు మూతే.

అందుకని ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో మాకు పత్తి వేసే ఇళ్ళన్నిటికీ నూలు గుడ్డతో కుట్టించిన సంచులు పంచాము. మీటింగు పెట్టాను, టీలు తాగించాను, అందరూ తలలూపారు. పత్తి మాత్రం యూరియా సంచుల్లోనే దిగింది!

నాకు ఒళ్ళు మండిపోయింది. కొనుగోలుదారు పంపే తనిఖీ మనిషి రావడానికి ఎంతో వ్యవధి లేదు. యార్డులో కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఎందుకు సార్ అట్లా తిరుగుతాండారు? మీరు తిరిగితే సంచులు మారతాయా ఏంది?" అన్నాడు మద్దిలేటి.

ఆ మాటకు ఇంకా మండింది. వచ్చిన పత్తిని విడిగా పోయించి, జీపెక్కి ఆళ్లగడ్డ దారి పట్టాను.

మొదట ఓబులమ్మ అనే రైతు ఇంటికి వెళ్ళాను. గుమ్మం దాటగానే దూలానికి మా సంచి! కుట్లు విప్పి, ఉతికి, ఉయ్యాల కట్టారు. అందులో ఆమె మనవరాలు నిద్రపోతోంది. కేకలేద్దామని వెళ్ళినవాణ్ని, గొంతు తగ్గించుకుని అడగాల్సి వచ్చింది.

"ఇంత మంచి గుడ్డ చేన్లోకి ఎట్ల తీస్కపోతాం సార్? మన్ను తగిలి పాడైపోదా? యూరియా సంచంటే పారేసేదే, దానికేమైతే ఏంది?" అంది ఓబులమ్మ.

పక్కింట్లో మా సంచులు దిండు గలీబులయ్యాయి. మా షరతును ఎవరూ కాదనలేదు, గుడ్డను పాడుచేయడానికి చేతులు రాలేదు, అంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దారంతా అదే ఆలోచన. యార్డు చేరగానే స్టోరులో మిగిలిన కొత్త సంచులన్నీ బయటికి తీయించి, నల్లమట్టి నీళ్ళలో ముంచి ఆరేయమన్నాను. మద్దిలేటి నాకు ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూశాడు. నాణ్యత మేనేజరువై ఉండి శుభ్రమైన సంచులు మురికి చేయిస్తావా అని జనరల్ మేనేజరు ఎగిరిపడ్డాడు. మన్ను మన యంత్రంలో రాలిపోతుంది, ప్లాస్టిక్ రాలదు అన్నాను. ఇవీ చేనికి చేరకపోతే నేను ఉద్యోగం వదిలి ఇంటికి పోతానని కూడా అనేశాను. ఆవేశంలో అన్నదే అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆరాక దులిపి, మరకలతోనే పంచాము. ఓబులమ్మ మూతి ముడిచింది.

"ఏంది సార్, ఈసారి మాసినవి ఇస్తాండారు?"

చేన్లోకి పనికిరావా అని అడిగాను.

"చేన్లోకైతే చాల్లే," అని చంకన పెట్టుకుని పోయింది.

తర్వాత పత్తి దిగేదాకా గేటు దగ్గర్నుంచి కదలలేకపోయాను. ఓబులమ్మ ట్రాక్టరు వచ్చింది. అన్నీ మరకల సంచులే. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు. తనిఖీకి వచ్చినతను దూదిని ఒప్పుకున్నాడు గాని, ఇంత మాసిన సంచులు ఎందుకిచ్చారని అడిగాడు. శుభ్రమైనవి చేను దాకా పోలేదన్నాను.

షరతులు రాసేటప్పుడు వస్తువు ఎంత మంచిదో చూస్తాము. అంత మంచిదాన్ని ఆ ఇంటివాళ్ళు ఎక్కడ దాచుకుంటారో కూడా చూడాలి. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ చేనికి కొత్త గుడ్డ పంపలేదు.