ఎడమ పక్క స్టీరింగు

మా అక్కకి బావ మీద అనుమానం పుట్టింది ఆదివారం చొక్కా వల్ల.

బావ పేరు దయానందం. పోర్టులో బ్యాటరీ గదిలో పని. సరుకు మోసే ట్రాలీల బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం, యాసిడ్ నీళ్ళు కలిపి పొయ్యడం, చచ్చిన సెల్లు తీసేసి మరోటి వెయ్యడం. ఆ పనిలో ఖాకీ బట్టలకు చిల్లులు మామూలే. యాసిడ్ చుక్క పడ్డప్పుడు ఏమీ కనపడదు. ఉతికి ఆరేశాక చూస్తే అక్కడ గుడ్డ జల్లెడైపోయి ఉంటుంది. ఖాకీల గురించి అక్క పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. కానీ ఎనభై ఒకటి వేసవిలో, చర్చిలో పూజకు వేసుకెళ్ళే తెల్ల చొక్కాకి చిల్లులు పడ్డాయి. ఆదివారం ఆయనకు డ్యూటీ లేదు. చర్చి నుంచి ఇంటికి నాలుగడుగుల దూరం. దారిలో యాసిడ్ ఎక్కడ దొరికింది?

అక్క ముందు చాకలి చిట్టమ్మను నిలదీసింది. చిట్టమ్మ ఊరుకునే మనిషి కాదు. చొక్కా కాలరు కింద నుంచి ఒక చేప పొలుసు గోటితో గీకి తీసి అక్క అరచేతిలో పెట్టింది.

"నా మీద పడతావేటమ్మా. మీ ఆయన ఇదేసుకుని ఎక్కడికెల్లేడో అది కనుక్కో ముందు."

మా ఇంట్లో ఆదివారం చేప వండరు. ఆదివారమంటే మాంసమే. ఆ పొలుసు చూసినప్పటి నుంచి అక్కకి అన్నం సయించలేదు.

నేను జ్ఞానాపురంలో కాన్వెంటు స్కూలు టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లో ముందు గదిలో ఉండేదాన్ని. పరీక్ష హాల్లో ఎవడి మోచేయి కింద ఏముందో గుమ్మంలో నిలబడి చెప్పగలను. అనుమానించడానికే నాకు జీతం ఇచ్చేవారు. బావ మీద మొదటి నుంచీ నాకు సదభిప్రాయం లేదు. ఆయన మాట్లాడడు. అక్క పది మాటలంటే ఒక్క 'ఊఁ'. కూర ఎలా ఉందని అడిగితే "రేపెల్తాను" అనేవాడు. సైకిల్ వెనక అక్కను కూర్చోబెట్టుకుని బజారుకు తీసుకెళ్ళేవాడు. అక్క దారి పొడుగునా చెబుతూనే ఉండేది, ఆ వీపు మాత్రం కదిలిన పాపాన కూడా పోలేదు. మనసు ఇంట్లో లేని మగవాడి లక్షణాలివి అని నాకు గట్టి నమ్మకం.

అక్క ఇనప పెట్టెలో తన చీరలు సర్ది మంచం కిందికి తోసింది. అక్క పేరు ఆరోగ్యమ్మ. అన్నదంటే చేసే మనిషి.

"కుమారీ, ఎవరింట్లో దీపాలు ఎలిగిత్తన్నాడో నువ్వే తేల్చాల. ఆడదైనా సరే, దొంగతనమైనా సరే. తేలిందంటే నాను ఈ ఇంట్లో ఉండను."

దొంగతనం మాట ఊరికే రాలేదు. మా ఎదురింటి గవర్రాజు పోర్టు గేటు దగ్గర కావలి. డ్యూటీ దిగి వెళ్ళేవాళ్ళ టిఫిన్ క్యారియర్ మూతలు తీయించి చూడటం అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మారేది కాదు. ఒకసారి మా గుమ్మం దగ్గర ఆగి, నవ్వుతూనే అన్నాడు.

"మీ బావ ఆటోనగర్లో ఇనప సామాను కొట్ల కాడ తిరుగుతన్నాడు టీచరుగారూ. మొన్న రెండు లారీ బ్యాటరీలు రిక్షాలో ఏసుకుని హార్బరు ఏపు ఎల్తన్నాడు. పోర్టువి కావులెండి. కాకపోతే మంచిదే."

ఆ 'మంచిదే' నేనే అక్క చెవిన వేశాను.

తర్వాతి ఆదివారం పూజ అయ్యీ అవగానే బావ సైకిలెక్కాడు. నేను రిక్షా ఎక్కి దూరంగా వెనకాలే వెళ్ళాను. ఫిషింగ్ హార్బరు వెనక సందులోకి తిరిగాడు. ఒక తాటాకింటి ముందు సైకిలు ఆనించి, తన ఇల్లయినట్టు నేరుగా లోపలికి పోయాడు. ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన మనిషిని చూసి నేను రిక్షాలో కొయ్యబారిపోయాను. మా వీధికి రోజూ చేపలు తెచ్చే పోతమ్మ.

ఇక దాక్కోవడం ఎందుకని దిగి వెళ్ళాను. పోతమ్మ కంగారు పడలేదు, సిగ్గూ పడలేదు.

"రా టీచరమ్మా. నువ్వైనా సెప్పు మీ బావకి. మా పెరడంతా ఆక్రమించీసేడు. వలలు ఈదిలో ఆరేసుకుంటన్నాం."

పెరట్లో పాక కింద మూడు చక్రాల వాహనం ఒకటి నిలబడి ఉంది. పోతమ్మ మొగుడు నూకాలు కింద చతికిలబడి, పెద్ద సూదితో దాని ఒంటికి తెరచాప గుడ్డ కుడుతున్నాడు. బావ తెల్ల చొక్కాతోనే బ్యాటరీలో యాసిడ్ పోస్తున్నాడు. ఆడదాని సంగతి అక్కడితో తేలిపోయింది. మొగుడు సూది పట్టుకుని పక్కనే కూర్చున్నాక ఇంకేం తేలాలి.

ఆ బండి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. వెనక రెండు రిక్షా చక్రాలు, ముందొకటి సైకిల్ చక్రం. ఇనుము బరువని, చట్రం తప్ప మిగతా అంతా వెదురు బద్దలు. వాటి మీద తెరచాప గుడ్డ, దాని మీద పడవకు పూసే రంగు. సీట్లు నులక మంచంలా అల్లినవి. తలుపులు ముందు పెట్టి, తర్వాత బరువని పీకేశాడట. ఇంజను లేదు. ఒక లారీ డైనమో ఉంది. డైనమోని తిప్పితే కరెంటు వస్తుంది, దానికే కరెంటు ఇస్తే తిరుగుతుంది. ఆ తిరుగుడు గొలుసుతో వెనక చక్రానికి అందుతుంది. బ్యాటరీలు లారీల వాళ్ళు పారేసినవి. సెల్లు సెల్లూ విప్పి, పనికొచ్చేవి ఏరి, తారు పోసి మళ్ళీ కట్టాడు. ఇదంతా ఆయన చెప్పలేదు, నూకాలు చెప్పాడు. బావ యాసిడ్ పని ముగించి, ఇంకా బిగించని బద్దల్ని ఒక్కొక్కటే చేత్తో ఎత్తి బరువు చూసి, కొంచెం చెక్కి, మళ్ళీ ఎత్తి చూస్తున్నాడు.

బావ స్విచ్చి నొక్కి పెరట్లో ఇటు నుంచి అటు నడిపాడు. చప్పుడు లేదు. కోడి కూడా తప్పుకోలేదు.

అప్పుడు చూశాను. స్టీరింగు ఎడమ పక్కన ఉంది. ఈ ఊళ్ళో కారైనా లారీయైనా స్టీరింగు కుడి పక్కనే ఉంటుంది.

"బావా, అదేమిటి ఆ పక్కన పెట్టేవు?"

ఆయన నా పెదాల వైపు చూశాడు.

"అదలాగే," అన్నాడు.

అదలాగే అన్నవాడు ఏదో దాస్తున్నాడని నా ముప్ఫయ్యేళ్ళ బతుకులో నేర్చుకున్నాను. ఇంటికొచ్చి అక్కతో ఆడది లేదని చెప్పాను. అక్క సంతోషించలేదు. పెట్టె మంచం కిందే ఉంచింది.

"అంత మంచి పనైతే నాకు సెప్పకుండా ఎందుకు సేసేడు?"



వానలు మొదలవకముందే బండి మా వీధిలోకి వచ్చింది. వస్తూనే తగువు తెచ్చింది. బండికి ముందు నడుస్తూ పోతమ్మ గంపతో వస్తోంది, తిడుతూ వస్తోంది.

"నెత్తి మీద గంపుంటే మెడ తిరగదు బాబూ. ఎనకాల సప్పుడు ఇని తప్పుకుంటాం మేం. నీ బండికి సప్పుడే నేదు. దగ్గరికొచ్చి హారను కొడితే అదిరిపడి సేపలన్నీ కింద పోత్తాను. ఇదేం బండి?"

జనం మూగారు. గవర్రాజు లుంగీ ఎగ్గట్టి బండి చుట్టూ తిరిగాడు, గేటు దగ్గర క్యారియర్ చుట్టూ తిరిగినట్టే. స్టీరింగు దగ్గర ఆగిపోయాడు.

"దయానందం, నువ్వే కట్టేవా ఇది?"

బావ తలూపాడు.

"ఈ దేశంలో ఎవుడు కడతాడయ్యా, ఎడం పక్కకి? ఎడం పక్క స్టీరింగు ఓడల్లోంచి దిగిన బళ్ళకుంటాది. ఏ ఓడలోదో సామాను దించి, పైన తెరచాప కప్పీసేవా? రేపు నాను ఇది పై ఆఫీసర్లకి సెప్పాల. నా ఉద్యోగం అది. జవాబుంటే ఇప్పుడే సెప్పీ."

అందరూ బావ మొహం చూశారు. ఆ రోజుల్లో వీధిలో సగం ఇళ్ళలో ఓడలోంచి దొంగచాటుగా దిగిన ట్రాన్సిస్టరో, నైలాన్ చీరో ఉండేది. అయినా పట్టుబడినవాడే దొంగ. పైన చెబితే విచారణ, విచారణ అంటే సస్పెన్షన్. అది బావకూ తెలుసు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో అక్క పళ్ళు బిగబట్టి నిలబడింది. ఇక ఇవాళే పెట్టె బయటికి వస్తుందనుకున్నాను.

బావ అక్క వైపు తిరిగి, "ఒకపాలి ఎక్కు," అన్నాడు.

"ఎక్కుతాను. ఎక్కడెక్కడికి ఎల్తన్నావో సూడాలి కదా," అంది అక్క. కొంగు దోపుకుని కుడి పక్క నులక సీట్లో కూర్చుంది. పోతమ్మ భయపెట్టింది కదా, అందుకని వీధి చివరి వరకు "తప్పుకోండమ్మా, బండొత్తంది" అని అక్కే కేకలేసింది. మలుపు తిరిగాక ఆ కేక కూడా వినపడలేదు.

గవర్రాజు మా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నేను లోపలికి పోయి మంచం కింద పెట్టె తాళం వేసి ఉందో లేదో చూసి వచ్చాను.

చాలాసేపటికి వచ్చారు. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బండి దిగి తిన్నగా గవర్రాజు ముందు నిలబడింది.

"స్టీరింగు నానే అటు పెట్టించేను. ఎడం పక్క కూకుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. బస్సులోనూ అంతే, కుడి పక్క సీటే కావాల నాకు. డైనమో ఏ కొట్లో కొన్నాడో ఆటోనగరెల్లి అడుక్కో. ఇంకేటైనా ఉందా?"

ఒక ఆడమనిషికి ఏ పక్క కళ్ళు తిరుగుతాయో అన్న సంగతి గవర్రాజు పైన ఎలా చెబుతాడు. లుంగీ దించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆటోనగర్ వెళ్ళి కొట్టువాడిని అడిగి వచ్చాడని తర్వాత తెలిసింది. డైనమో అక్కడిదే, ఇక పైన చెప్పడానికేమీ మిగల్లేదు.

నాకు మాత్రం అనుమానం రెట్టింపయింది. అక్కకి బస్సులో కళ్ళు తిరగడం నేనెన్నడూ చూడలేదు. అక్క అబద్ధమాడటం అసలు చూడలేదు. వంటింట్లో తలుపు మూసి అడిగాను.

అక్క పొయ్యి ముందు కూర్చుని చెప్పింది. వీధి దాటాక, బండి చప్పుడు లేకుండా పోతుంటే, కోపం పట్టలేక తనలో తనే గొణుక్కుందట, "ఈ మనిషికి సెప్పినా గోడకి సెప్పినా ఒకటే" అని. పెదవి దాటని మాట. బావ ముందుకు చూస్తూనే జవాబిచ్చాడు.

"గోడ కాదు. ఎడం సెవి."

ఎప్పుడో చెవిపోటు వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది. పోర్టు డాక్టరు పరీక్షలో బయటపడితే ఉద్యోగం పోతుందని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఎడమ పక్క నుంచో, మోతలోనో మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొచ్చాడు. కుడి చెవి బాగానే ఉంది. అందుకే స్టీరింగు ఎడమకి, అక్క కుడికి. గవర్రాజుకి నిజం చెబితే దొంగతనం నింద పోయి చెవుడు బయటపడుతుంది.

"నాకైనా సెప్పకూడదా అన్నాను. నీకు సెప్తే ఈదంతటికీ తెలిసిపోద్దన్నాడు," అంది అక్క. నవ్వబోయి ఏడ్చింది. "సైకిలు ఎనకాల కూకుని పన్నెండేళ్ళు సెప్పేనే. లారీల మోతలో, గాలిలో ఒక్క ముక్కా ఇనపళ్ళేదట. ఊఁ అన్నాడట. ఇంజనుంటే మల్లీ అదే మోతని, అది లేకుండా కట్టేడట."

నేను అక్క పక్కన కూర్చుండిపోయాను. బావ మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు, అంత కోపమూ రాలేదు.

ఆ బండి చాలా ఏళ్ళు తిరిగింది. పోలీసులు ఆపితే, "రిక్షాయే బాబూ, తొక్కక్కరలేదంతే" అనేది అక్క. పోతమ్మ తగువయ్యాక దాని హారను పీకేశాడు. వీధిలోకి వస్తే అక్క గొంతే హారను. ఆ గొంతు విని పోతమ్మ దూరం నుంచే పక్కకు జరిగేది. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్క గొంతు తగ్గించేది. బావ తల కొంచెం కుడికి వంచేవాడు. నేను అరుగు మీద నుంచి చూస్తే పెదాలు కదలడం కనిపించేది, ఒక్క ముక్క వినపడేది కాదు. ఇంట్లో ఉండగా చెప్పుకోని సంగతులు అక్కడేం ఉంటాయా అని నాకు కొత్త అనుమానం పట్టుకుంది. బహుశా నా మీదే అయి ఉంటాయి.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "ఏటి సెప్తుంటావక్కా, అంతసేపూ?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"పాతవే. సైకిలు మీద సెప్పినవి. మొదటి నుంచీ మల్లీ సెప్తన్నాను. ఇంకా పెళ్ళయిన ఏడాదిలోనే ఉన్నాం."